ఫోర్డ్ గెలిచాడు, ఉత్తరాంధ్ర ఓడింది

బొబ్బిలి యుద్ధం కథ తెలియని ఇల్లు ఉత్తరాంధ్రలో ఉండదు. తాండ్ర పాపారాయుడి పౌరుషం, మల్లమ్మదేవి తెగువ బుర్రకథల్లోనూ వెండితెర మీదా తరతరాలుగా బతుకుతున్నాయి. ఆ యుద్ధం ముగిసి రెండేళ్లు తిరక్కుండానే జరిగిన చందుర్తి పోరు గురించి అడిగితే మాత్రం బాగా చదువుకున్నవాళ్లు కూడా తడుముకుంటారు. ఆ పోరు గెలిచిన కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ పేరు మన నోట దాదాపు వినిపించదు. కళింగపట్నం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న తీరమంతా ఆ తర్వాత 1947 వరకూ ఎవరి పెత్తనం కింద బతకాలన్నది మాత్రం తేలింది చందుర్తి పొలాల్లోనూ, మచిలీపట్నం కోట చుట్టూ ఉన్న బురదనేలల్లోనూ.

ఫోర్డ్ ఈ తీరాన ఉన్నది ఒక్క ఏడాదే. 1758 అక్టోబరులో వచ్చాడు, 1759 అక్టోబరులో వెళ్లిపోయాడు. ఆ ఏడాదిలో తనకంటే పెద్ద సైన్యాన్ని ఒకసారి మైదానంలో, ఒకసారి కోట గోడల మీద ఓడించాడు. సేనానిగా అతని ప్రతిభను ఒప్పుకోక తప్పదు. అయితే ఆ ప్రతిభను ఇక్కడికి పిలిచిందెవరు, దానికి ఖర్చు భరించిందెవరు, చివరికి ఫలం అనుభవించిందెవరు? ఈ మూడు ప్రశ్నలు వేసుకోకుండా చదివితే ఏ సేనాని చరిత్రయినా సగం చరిత్రే.

సైన్యం జీతానికి నాలుగు సర్కార్లు

వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం అప్పట్లో శ్రీకాకుళం సర్కారు అనే పాలనా విభాగంలోని రేవు. సర్కారుకు ఫౌజుదారు కొలువు శ్రీకాకుళంలో ఉండేది. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆ కాలానికి సాక్ష్యంగా నేటికీ నిలిచి ఉంది. 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. తన దగ్గరున్న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యానికి జీతాలివ్వడానికి ఖజానాలో డబ్బు లేక చేసిన ఏర్పాటు అది. హైదరాబాద్‌లో సింహాసనాన్ని కాపాడే పరదేశి సైనికుడి జీతం నాగావళి, వంశధార ఒడ్డున దుక్కి దున్నే రైతు మీద పడింది. ఆ తర్వాత జరిగిన ప్రతి యుద్ధానికీ మూలం ఈ ఏర్పాటులోనే ఉంది.

చేతిలోని అధికారం జారిపోతోందని మండిపడిన ఫౌజుదారు జాఫర్ అలీఖాన్ నాగపూర్ మరాఠాలను పిలిచాడు. వాళ్లు వచ్చి ఊళ్లు దోచుకుపోయారు. విజయనగరం పెద విజయరామరాజు ఫ్రెంచివారితో చేతులు కలిపి కౌలు సంపాదించాడు. పొరుగు సంస్థానమైన బొబ్బిలితో తనకున్న పాత పగ తీర్చుకోవడానికి బుస్సీ ఫిరంగులను వాడుకున్నాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. లోపలి స్త్రీలూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్ల చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. కొద్ది రాత్రులకే గుడారంలో నిద్రపోతున్న విజయరామరాజును పాపారాయుడు చంపాడు. అదే ఏడాది జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు కోటను కూడా పట్టుకున్నాడు.

విజయరామరాజు తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు బుస్సీ మీద కోపం రగులుతూనే ఉంది. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ మద్రాసును ముట్టడించాలనే తొందరలో బుస్సీనీ, అతనితో పాటు చాలామంది సైనికులనూ దక్షిణానికి పిలిపించుకున్నాడు. సర్కార్ల బాధ్యత కాన్‌ఫ్లాన్స్ అనే అనుభవం లేని అధికారి చేతిలో పడింది. అదను చూసి ఆనందరాజు ఆ సెప్టెంబరులో విశాఖపట్నాన్ని పట్టుకుని అక్కడి ఫ్రెంచి జెండా దించి ఇంగ్లీషు జెండా ఎగరేయించాడు. సాయం పంపమని మద్రాసుకు రాశాడు. తమ కోటకే ముప్పు ముంచుకొస్తోందని మద్రాసు వాళ్లు కాదన్నారు. కలకత్తాకు రాశాడు. అక్కడున్న ఇంగ్లీషు గవర్నరు క్లైవ్‌కు ఆ ఉత్తరంలో తన అవసరం కనిపించింది. లాలీని మద్రాసు నుంచి మళ్లించాలంటే ఫ్రెంచివారికి డబ్బు పుట్టే సర్కార్లను కొట్టాలి. కౌన్సిల్లో చాలామంది ఇష్టపడకపోయినా సైన్యాన్ని పంపాడు. దానికి నాయకుడిగా ఫోర్డ్‌ను ఎంచుకున్నాడు.

చేను చాటు సైన్యం

ఫోర్డ్ ఐర్లండ్ మనిషి. ఇంగ్లండు రాజు సైన్యంలోని 39వ పటాలంతో 1754లో భారతదేశం వచ్చాడు. క్లైవ్ పిలుపు మీద రాజు కొలువు వదిలి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. అక్టోబరు నాటికి బంగాళాఖాతంలో గాలీ, తీరం వెంట నీటి ప్రవాహమూ ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతాయి. సముద్రం మీద బతికే కళింగపట్నం వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆ అదనులోనే ఫోర్డ్ ఓడలు కలకత్తా నుంచి ఈ తీరం పొడవునా దిగివచ్చి అక్టోబరు 20న విశాఖపట్నం చేరాయి. సుమారు 500 మంది ఐరోపా సైనికులు, 2000 మంది సిపాయిలు, కొన్ని ఫిరంగులు. కశింకోట దగ్గర ఆనందరాజు సైన్యం కలిసింది. అందులో 5000 మంది కాల్బలం ఉన్నా వాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి బల్లేలూ విల్లంబులే.

ఎదుట కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది ఐరోపా సైనికులు, 6000 మంది సిపాయిలు, సుమారు 30 ఫిరంగులు ఉన్నాయి. ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర 1758 డిసెంబరు మొదట్లో రెండు సైన్యాలూ తలపడ్డాయి.

ఫోర్డ్ ఆ ఉదయం చేసిన పని యుద్ధవిద్యలో పాఠం లాంటిది. బెంగాల్ సిపాయిలు ఐరోపా సైనికుల్లాగే ఎర్రకోట్లు తొడుక్కున్నారు. అలాంటి దుస్తులు వేసుకున్న సిపాయిలను ఫ్రెంచివారు అంతవరకూ చూడలేదు. సిపాయి దళాలు మోసుకొచ్చే చిన్న చిన్న జెండాలన్నీ చుట్టి నేల మీద పెట్టించాడు ఫోర్డ్. సిపాయిలను రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్న ఐరోపా పటాలం ముందు మనిషెత్తు పెరిగిన చేను ఉంది. ఫ్రెంచివారికి ఆ చేను వెనక ఎవరున్నారో కనిపించలేదు. ఎడమవైపు ఎర్రకోట్లను చూసి అదే ఇంగ్లీషు పటాలమనుకున్నారు. తమ మేలైన దళాన్ని దాని మీదికి తోలారు. సిపాయిలు తట్టుకోలేక చెదిరిపోయారు. గెలిచామన్న ఉత్సాహంతో ఫ్రెంచి దళం వరసలు తప్పి వెంటపడింది. సరిగ్గా అప్పుడు చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్క నుంచి వరసగా కాల్పులు కురిపించింది. ఫ్రెంచి దళం కకావికలైంది. ఫోర్డ్ ఆగలేదు. అదే ఊపులో ఫిరంగుల మీద పడ్డాడు, ఆ తర్వాత శిబిరం మీద పడ్డాడు. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి ఆ రాత్రికే రాజమహేంద్రవరం చేరుకున్నాడు.

ఈ గెలుపులో చెదిరిపోయి చచ్చిన సిపాయిల పాత్ర ఏమిటన్నది గమనించాలి. వాళ్లు ఎర అయ్యారు. శత్రువు తమను ఐరోపావాళ్లనుకుని పొరబడేలా నిలబెడుతున్నారన్న సంగతి వాళ్లలో ఎందరికి తెలుసో చరిత్ర రాసిపెట్టలేదు. వాళ్లకు పేర్లూ లేవు. కల్నల్ ఫోర్డ్, కెప్టెన్ నాక్స్, కెప్టెన్ యార్క్ అంటూ ఇంగ్లీషు అధికారులందరికీ పేర్లున్నాయి. అటు బెంగాల్ సిపాయికీ, ఇటు విజయనగరం కాల్బంటుకూ లేవు.

డబ్బు లేక ఆగిన దండు

గెలిచిన సేనాని వెంటనే మచిలీపట్నం మీదికి వెళ్లాలి. ఫోర్డ్ వెళ్లలేకపోయాడు. ఒప్పందం ప్రకారం సైన్యం ఖర్చు ఆనందరాజు భరించాలి. రాజు దగ్గర డబ్బు లేదో, ఇవ్వడం ఇష్టం లేదో గానీ నెలన్నరకు పైగా వాయిదాలు నడిచాయి. చివరికి రాజు ఇచ్చే సొమ్మును అప్పుగా లెక్కగడతామనీ, గోదావరి దక్షిణాన గెలుచుకునే ప్రాంతాల రాబడిని సగం సగం పంచుకుందామనీ ఒప్పందం తిరగరాసుకున్నాకే దండు కదిలింది. ఈ ఆలస్యంలో కాన్‌ఫ్లాన్స్ తేరుకుని మచిలీపట్నం కోటలో బలం కూడగట్టుకున్నాడు.

1759 ఫిబ్రవరిలో ఏలూరు, మార్చి మొదట్లో మచిలీపట్నం. అక్కడ ఫోర్డ్‌ను చుట్టుముట్టిన కష్టాలు ఏ సేనానినైనా కుంగదీసేవే. కోట లోపల ఉన్నవాళ్లు బయట ముట్టడిస్తున్నవాళ్ల కంటే ఎక్కువ. ఫ్రెంచివాళ్ల మరో దళం వెనకనుంచి వచ్చి రాజమహేంద్రవరం తిరిగి పట్టుకుంది. సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ చేరాడు. జీతాలు అందని ఐరోపా సైనికులు ఆయుధాలు పట్టుకుని తిరగబడ్డారు. కోటలో దొరికే సొమ్ములో కంపెనీ వాటా కూడా వాళ్లకే ఇప్పించేందుకు ప్రయత్నిస్తానని మాటిచ్చి ఫోర్డ్ వాళ్లను శాంతింపజేశాడు. భయపడిన ఆనందరాజు ఇంటిదారి పట్టి కొన్ని మైళ్లు వెళ్లిపోయాడు కూడా. వెనక్కి వెళ్లే దారిలో ఇటు సలాబత్ జంగ్ గుర్రాలూ అటు ఫ్రెంచివాళ్లూ ఉన్నారనీ, విడిపోతే ఇద్దరమూ చస్తామనీ నచ్చజెప్పి వెనక్కి పిలిపించాడు. ఇక మందుగుండు రెండు రోజులకు మించి రాదని తెలిసింది.

ఆ రెండు రోజుల మందుగుండుతోనే ఫోర్డ్ కోట పట్టాలని నిశ్చయించుకున్నాడు. ఏప్రిల్ 7న పగలంతా అన్ని బురుజుల మీదా ఒకే తీరుగా ఫిరంగులు పేల్పించాడు. ఎటు నుంచి దాడి వస్తుందో లోపలివాళ్లు పోల్చుకోకూడదని ఆ ఏర్పాటు. అర్ధరాత్రి సముద్రం ఆటు వేళ, అగడ్తలో నీరు బాగా తగ్గే సమయం చూసుకుని దాడికి ముహూర్తం పెట్టాడు. కెప్టెన్ నాక్స్ సిపాయిలతో నైరుతి వైపు బురదలోంచి ఉత్తుత్తి దాడి చేశాడు. ఆనందరాజు మనుషులు ప్రధాన ద్వారం ముందున్న కట్ట మీద కేకలతో, కాల్పులతో హోరెత్తించారు. అసలు దళం మోకాలి లోతు బురద దాటి ఈశాన్యపు బురుజు ఎక్కింది. మూడు వైపుల నుంచీ మూడు రకాల కబుర్లు వస్తుంటే కాన్‌ఫ్లాన్స్ ఎటు బలగం పంపాలో తేల్చుకోలేకపోయాడు. తెల్లారేసరికి లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్ల సంఖ్య పట్టుకున్నవాళ్ల సంఖ్య కంటే ఎక్కువ.

వారం తిరక్కుండా ఫ్రెంచివాళ్లకు సాయంగా మొరాసిన్ నాయకత్వంలో 300 మందితో రెండు ఓడలు మచిలీపట్నం వచ్చాయి. కోట మీద ఇంగ్లీషు జెండా చూసి ఆగకుండా సాగిపోయాయి. ఏప్రిల్‌లో ఈ తీరాన గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. పాండిచ్చేరి తిరిగి వెళ్లడం కష్టం. దాంతో ఆ ఓడలు కళింగపట్నం ముందునుంచే పైకి పోయి గంజాం చేరాయి. అక్కడినుంచి మొరాసిన్ ఎంత ప్రయత్నించినా పోయిన సర్కార్లు ఫ్రెంచివారికి తిరిగి రాలేదు.

సంధి కాగితంలో రాజు వాటా

సైనిక చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడ కలం ఆపేస్తారు. మనం చదవాల్సింది ఆ తర్వాతి కాగితాన్ని. తమ్ముడు నిజాం అలీ హైదరాబాద్ వైపు కదిలాడన్న బెంగతో ఉన్న సలాబత్ జంగ్ 1759 మే 14న ఫోర్డ్‌తో సంధి చేసుకున్నాడు. మచిలీపట్నం సర్కారు, నిజాంపట్నం సర్కారు, కొండవీడు ప్రాంతం కంపెనీకి ఇనాముగా వచ్చాయి. ఫ్రెంచివారిని దేశంలో ఉండనివ్వనని సలాబత్ జంగ్ మాటిచ్చాడు. మరి ఫోర్డ్‌ను పిలిపించి, దండు ఖర్చు మోసి, కోట ద్వారం ముందు తన మనుషులను నిలబెట్టిన ఆనంద గజపతిరాజుకు దక్కిందేమిటి? ఆ ఏడాది వసూలు చేసుకున్న దానికి లెక్క అడగరు. ఆ పై నుంచి తాతతండ్రుల నాటి లెక్క ప్రకారం కప్పం కట్టుకుంటూ తన ప్రాంతంలో తాను ఉండవచ్చు. అంతే. కొత్తగా ఒక్క సెంటు భూమి రాలేదు. సగం సగం అన్న ఒప్పందం సంధిలో కనిపించలేదు. ఆ తర్వాత రాజు ఎక్కువ కాలం బతకలేదు. రాజమహేంద్రవరంలో మశూచి సోకి చనిపోయాడు.

ఫోర్డ్‌కైనా న్యాయం జరిగిందా అంటే అదీ లేదు. లండన్‌లోని డైరెక్టర్లు అతని పదవిని ఆమోదించకుండా అయిర్ కూట్‌ను పైన కూర్చోబెట్టారు. ఆ అవమానాన్ని దిగమింగుకునే అదే ఏడాది నవంబరు 25న చిన్సురా దగ్గర డచ్చివారి సైన్యాన్ని అరగంటలో చిత్తు చేశాడు. పదేళ్ల తర్వాత కంపెనీ పంపిన ముగ్గురు పర్యవేక్షకుల్లో ఒకడిగా 1769లో 'అరోరా' ఓడలో మళ్లీ బయల్దేరాడు. ఆ ఓడ గుడ్‌హోప్ అగ్రం దాటాక ఆచూకీ లేకుండా పోయింది. మూడు గెలుపులు తెచ్చిపెట్టిన సేనానిని కంపెనీ అంతకుమించి పట్టించుకోలేదు. జమాఖర్చుల మీద నడిచే సంస్థకు సేనాని కూడా ఒక పద్దే.

పద్మనాభంలో తేలిన బాకీ

చందుర్తి గెలుపు విజయనగరానికి ఏం మిగిల్చిందన్న లెక్క 35 ఏళ్ల తర్వాత తేలింది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, 1766లో నిజాం అలీతో సంధితో ఉత్తర సర్కార్లు కంపెనీ పరమయ్యాయి. ఆ రోజు నుంచి విజయనగరం రాజు మిత్రుడి హోదా పోగొట్టుకుని పేష్కష్ అనే కప్పం కట్టాల్సిన జమీందారుగా మిగిలాడు. పేష్కష్ పెరుగుతూ పోయింది, సొంత సైన్యం కరుగుతూ పోయింది. ఆనందరాజు వారసుడు చిన విజయరామరాజు మీద ఎనిమిది లక్షలకు పైగా బకాయి చూపించి 1793లో కంపెనీ సంస్థానాన్ని జప్తు చేసింది. నెలకు 1200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్లి ఉండమంది.

మచిలీపట్నమే. విజయనగరం సైనికులు ఫోర్డ్ పక్కన నిలబడి ఇంగ్లీషువారికి పట్టి ఇచ్చిన ఊరికే విజయనగరం రాజును ప్రవాసం పొమ్మన్నారు. విజయరామరాజు వెళ్లలేదు. విజయనగరం, భీమునిపట్నం మధ్య ఉన్న పద్మనాభంలో తనవాళ్లతో నిలిచిపోయాడు. 1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం విరుచుకుపడింది. గంటలోపే అంతా ముగిసింది. రాజూ, ఆయన చుట్టూ నిలబడిన వందలాది వీరులూ నేలకొరిగారు. ఆ తర్వాత కొడుకు నారాయణ గజపతికి తిరిగి ఇచ్చిన సంస్థానం కుదించుకుపోయింది. దాని కింద ఉండిన మన్యం జమీందారీలు ఎన్నో విడిపోయాయి. 1802 శాశ్వత శిస్తు ఒప్పందంతో ఆ కథ కాగితాల్లో ముగిసింది.

ఆనందరాజును ద్రోహి అనడం తేలిక. అది సరికాదు. అతని చుట్టూ ఉన్నవాళ్లందరూ అదే పని చేశారు. సలాబత్ జంగ్ ఫ్రెంచివారిని పిలిచాడు, జాఫర్ అలీఖాన్ మరాఠాలను పిలిచాడు, పెద విజయరామరాజు బుస్సీని పిలిచాడు. జాతి, దేశం అనే భావన నాటి సంస్థానాల్లో నేటి అర్థంలో లేదు. కానీ ఒక్క విషయం వాళ్లకు కూడా తెలిసి ఉండాల్సింది. కిరాయికి వచ్చిన సైన్యం జీతం ఎవరిస్తారో వాళ్ల మాట వింటుంది. ఫోర్డ్‌కు ఖర్చులు ఆనందరాజు ఇచ్చినా జీతం, పదవి, ఆజ్ఞ ఇచ్చేది కలకత్తా. అతను చివరిదాకా కలకత్తా మాటే విన్నాడు. పొరుగువాడి మీద పగ తీర్చుకోవడానికి బయటి బలాన్ని ఇంట్లోకి పిలిస్తే, పగ తీరాక ఆ బలం ఇల్లు వదిలి పోదు. 18వ శతాబ్దపు ఉత్తరాంధ్ర ఈ పాఠం నేర్చుకోవడానికి నాలుగు యుద్ధాలు పట్టింది.

మన దురదృష్టం ఏమిటంటే ఈ నాలుగింటినీ మనం కలిపి చదవం. బొబ్బిలిని వీరగాథగా పాడుకుంటాం. పద్మనాభాన్ని ఏటా జూలైలో ఏ కొద్దిమందో తలచుకుంటారు. చందుర్తి, మచిలీపట్నం పోరాటాలు ఇంగ్లీషువాళ్ల సైనిక చరిత్రల్లోనే ఉండిపోయాయి. విడివిడిగా చూస్తే బొబ్బిలి ఒక పౌరుషం కథ, పద్మనాభం ఒక బలిదానం కథ. 1757, 1758, 1759, 1794 వరసగా పెట్టి చూస్తే మాత్రం ఒక ప్రాంతం తన చేతులతోనే తన స్వేచ్ఛను ఎలా పోగొట్టుకుందో కళ్లకు కడుతుంది. వీరులు చాలామంది ఉన్నా గెలుపు ఎందుకు దక్కలేదన్న ప్రశ్నకు జవాబు ఆ వరసలోనే దొరుకుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడుల్లో స్థానిక చరిత్ర చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. బొబ్బిలి కథ చెప్పిన రోజునే చందుర్తి కథ కూడా చెప్పండి. ఫోర్డ్ ఎత్తుగడ చెప్పండి, దాని పక్కనే మే 14 నాటి సంధి షరతులు చదివించండి. పద్మనాభం తీసుకెళ్లినప్పుడు ఆ రాజును ఏ ఊరికి పొమ్మన్నారో, ఆ ఊరు కంపెనీకి ఎలా దక్కిందో పిల్లల చేతనే చెప్పించండి. ఇంగ్లీషులో ఉండిపోయిన ఆనాటి సైనిక వృత్తాంతాలనూ జిల్లా మాన్యువళ్లనూ తెలుగులోకి తెచ్చే పని మన విశ్వవిద్యాలయాలు ఇప్పటికైనా చేపట్టాలి. సేనాని ప్రతిభను మెచ్చుకోవడంలో తప్పులేదు. ఆ ప్రతిభ ఎవరి కోసం పనిచేసిందో తెలుసుకుని మెచ్చుకోవాలి.